రేవు టైము

కొత్త మెషీన్ ఉన్న అట్టపెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకుని కంప్యూటరమ్మాయి రేవు ఆఫీసు మెట్లెక్కేసరికి ఆమె చేతిగడియారంలో తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. లోపల గోడ గడియారంలో తొమ్మిది దాటి అయిదు నిమిషాలు.

"మొదటి రోజే ఆలస్యమా అమ్మా?" అన్నారు సూపర్నెంటు గారు, నవ్వకుండా.

"రేవు టైము ప్రకారం ఆలస్యమేనండీ. ఊరి టైము ప్రకారం నేనింకా రానేలేదు."

అప్పుడు నవ్వారాయన.

రేవు ఆఫీసులో గడియారాలన్నీ పావుగంట ముందుంటాయి. పడవల వాళ్లు ఏ పనికీ వేళకి రారని ఎన్నడో ఎవరో ముల్లు ముందుకు తిప్పారు. ఆ సంగతి నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోయింది. అందరూ మనసులోనే పావుగంట తీసేసుకుని, ఎప్పటి ఆలస్యానికే రావడం మొదలుపెట్టారు. అయినా ముల్లు వెనక్కి తిప్పడానికి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెయ్యి రాలేదు. రిజిస్టర్లూ, రసీదులూ, జీతాల హాజరూ అన్నీ రేవు టైములోనే నడుస్తున్నాయి.

ఇక కంప్యూటరమ్మాయి అంటే నిన్నా మొన్నా చదువు ముగించిన పిల్ల అనుకునేరు. ఆమెకి నలభై దాటి మూడేళ్లు, కొడుక్కి మీసాలు మొలుస్తున్నాయి. ఏ ఆఫీసులో మెషీన్ మొరాయించినా పదిహేనేళ్లుగా ఆమెకే కబురు వెళ్తోంది కాబట్టి ఆ పేరు అలాగే ఉండిపోయింది. పనిచేసేది బావగారి కంపెనీలో, అంటే భర్త అన్నగారిది. కింది వాటాలో కంపెనీ, పై వాటాలో రెండు కాపురాలు. ఆఫీసు గొడవలు భోజనాల బల్ల దగ్గర తేలుతాయి, ఇంటి గొడవలు ఆఫీసులో.

ఈసారి పని మూడు రోజులది. వాతావరణ కేంద్రం నుంచి గాలి, వాన, అలల కబుర్లు రాత్రింబవళ్లు తీగ గుండా వస్తూనే ఉంటాయి. వాటిని పట్టుకుని, దేన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి, హెచ్చరిక ఏదైనా ఉంటే గదిలో ఉన్న పెద్ద తెర మీద ఎర్రగీత వేసి గంట మోగించే సాఫ్ట్‌వేరు ఒకటుంది. విండోస్ మీద కాదు, లినక్సు మీద నడుస్తుంది. దానికి రంగులూ హంగులూ ఏమీ లేవు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలంతే. పాత మెషీన్ ముసలిదైపోయింది. కొత్తదాంట్లో ఆ సాఫ్ట్‌వేరు నిలబెట్టి, పాతదాని డిస్కు తుడిచేసి, తుక్కు గదికి అప్పగిస్తే పని అయిపోయినట్టు.

ఆమె బల్ల మీద దుమ్ము తుడిచి, పాతదాని పక్కనే కొత్తదాన్ని పెట్టి, తీగలు కలిపింది. ముందు ఈ వాతావరణం పనికని వేరే యూజరును తయారుచేసింది. ఆ యూజరుకి మెషీన్‌లో ఇంకే గదిలోకీ వెళ్లే తాళం ఇవ్వలేదు. తర్వాత సాఫ్ట్‌వేరు మూట విప్పి ఎక్కించమని మెషీన్‌కి చెప్పింది. పది నిమిషాలపాటు తెర మీద అక్షరాలు వానలా కురిశాయి. అవి ఆగాక సెట్టింగుల ఫైలు తెరిచి, పాతదాంట్లో చూస్తూ ఒక్కొక్క వరసా రాసుకుంటూ పోయింది. ఆ ఫైలుకి ఒక పాడు గుణం ఉంది. మాటకీ మాటకీ మధ్య ట్యాబ్ ఉండాల్సిన చోట మామూలు ఖాళీ పెడితే, కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ అది మాత్రం అలిగి కూర్చుంటుంది. ఎందుకలిగిందో చెప్పదు కూడా.

"టీ అమ్మాయ్."

తలెత్తి చూసింది. జెండా అక్క. యాభై ఏళ్ల మనిషి, బక్కపలచగా ఉంటుంది, అరచేతుల్లో మాత్రం తాడు కాయలు. రేవులో పెద్దా చిన్నా అందరికీ ఆమె అక్కే. ఆఫీసు ముందున్న స్తంభానికి ఇరవై రెండేళ్లుగా జెండా ఎత్తుతోంది. తెల్లది ఎత్తితే పడవలు నీళ్లలోకి వెళ్తాయి, ఎర్రది ఎత్తితే ఉన్నవి ఆగిపోతాయి, వెళ్లినవి తిరిగొస్తాయి. అరగంటకోసారి తెర చూడటం, తెర ఏం చెబితే ఆ జెండా కట్టడం, ఇదీ ఆమె ఉద్యోగం.

"నువ్వు టీలు తేవడమేమిటి అక్కా?"

"జెండా తీసేసుకున్నారుగా. నలభై రోజులైంది. గురువారం విచారణ. అప్పటిదాకా టీలు తెమ్మన్నారు, తెస్తున్నాను." పాత మెషీన్ కేసి చూసింది. "దీన్నేం చేస్తారు?"

"ఎల్లుండి లోపలిదంతా తుడిచేసి పక్కన పడేస్తాం."

"తుడిచేస్తే ఆ రోజుది కూడా పోతుందా?"

ఏ రోజని అడగక్కర్లేదు. గాలివాన చెప్పాపెట్టకుండా వచ్చిన రోజు గురించి ఊరంతా విన్నదే. తెల్ల జెండా ఎగురుతుండగానే గాలి విరుచుకుపడింది. ఒక పడవ రెండు ముక్కలైంది. అందరూ బతికి బయటపడ్డారు గానీ పడవ నడిపినవాడి భుజం దిగిపోయింది. మధ్యాహ్నం హెచ్చరిక వస్తే ఈమె తెర చూడలేదన్నారు.

"రెండింటికి చూశాను. రెండున్నరకి చూశాను. మూడింటికి చూశాను. ఎర్రగీత లేదు, గంట మోగలేదు" అంది జెండా అక్క, ఒక్కొక్క వేలూ ముడుస్తూ. "వచ్చిందని మెషీనే చెప్పిందట. కాగితం తీసి చూపించారు. ఆ భాష నాకు రాదాయె. మెషీన్ ఒకవైపు, నేనొకవైపు. నన్నెవరు నమ్ముతారు?"

"మరీ అంత ఇదిగా ఏం చెయ్యరులే అక్కా. ఇన్నేళ్ల సర్వీసు..."

"ఉద్యోగం పోతే పోనీ అమ్మాయ్. ఆ పడవ మా తమ్ముడిది." ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాచి అలాగే ఉండిపోయింది. "నలభై రోజులుగా వాడు నన్ను అక్కా అని పిలవలేదు. నేను వెళ్తే మరదలు కుర్చీ వేస్తుంది, వాడు గోడవైపు తిరిగి పడుకుంటాడు. వాడు నీళ్ల మీద ఉంటే నేనిక్కడ కబుర్లాడుకుంటూ కూర్చున్నాననుకుంటున్నాడు. అదే నాకు మింగుడుపడట్లేదు. పారేసేముందు ఓసారి చూడు. ఆ రోజు అందులో ఏముందో."

"రేపు చూస్తాలే అక్కా" అంది కంప్యూటరమ్మాయి. అడిగినవాళ్లు నొచ్చుకోకూడదని అంటాం చూడండి, అలా అంది. మనుషులు మరిచిపోతారు గానీ మెషీన్లు మరిచిపోవని ఆమె గట్టి నమ్మకం. పాపం, కునుకు పట్టి ఉంటుంది, ఒప్పుకోలేకపోతోంది అనుకుంది మనసులో.

*

బుధవారం పొద్దున్న సగం ఫోనుతోనే సరిపోయింది. ఇక్కడెంత సిద్ధంగా ఉన్నా, అవతల కేంద్రం వాళ్లు తమ జాబితాలో కొత్త మెషీన్ పేరు చేర్చుకుంటేనే ఏదైనా పంపుతారు. పేరు చేరలేదు. మెయిలు పెట్టానంటుంది ఈమె, రాలేదంటాడు అతను. మూడోసారి ఫోన్ చేస్తే, "ఓ, మీరేనా? ఇప్పుడే చేరుస్తున్నా" అన్నాడు, మధ్యలో రెండు గంటలు ఏమీ కానట్టు.

పదకొండు కావస్తుండగా మొదటి కబురు వచ్చి పడింది. తర్వాత రెండు, తర్వాత జలజలా. ఎన్నేళ్లు చేసినా ఈ క్షణం ఆమెకి ఇష్టం. ఎక్కడో మేడ మీద తిరుగుతున్న గాలిచక్రం, తీరాన తేలుతూ అలలు కొలిచే బుంగ, వాటి లెక్కలన్నీ ఈ ఇరుకు గదిలోకి వచ్చి వరసలో కూర్చుంటాయి. పాత తెరనీ కొత్త తెరనీ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ అవే కబుర్లు పడుతున్నాయో లేదో చూస్తూ కూర్చుంది.

అవే పడుతున్నాయి. కొత్తదాంట్లో వచ్చిన వేళ పదీ యాభై రెండు. పాతదాంట్లో పదకొండూ ఏడు.

"దీనికి కూడా రేవు టైమేనా!" అనుకుని నవ్వింది. టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆపేసింది.

పావుగంట ముందు నడిచే మెషీన్‌కి, ఇప్పుడే బయల్దేరిన కబురు కూడా పావుగంట పాతదిగానే కనిపిస్తుంది. మరి నిన్న తాను ఎక్కించిన సెట్టింగుల్లో ఒక వరస ఉంది: ఇరవై నిమిషాలకన్నా పాత కబురు వస్తే తీసుకోవద్దు, పారెయ్. లైను పాడై బాగయ్యాక చద్ది కబుర్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడకుండా అందరూ పెట్టుకునే ఏర్పాటే అది. మామూలు రోజుల్లో కబురు ఒకటి రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. పదిహేనూ రెండూ పదిహేడు, ఇబ్బంది లేదు. కానీ గాలివాన రోజున తీరం తీరమంతా ఒకే లైను మీద పడి, కబురు ఆరేడు నిమిషాలు ఆలస్యమైతే?

గ్లాసు కింద పెట్టి, పాత మెషీన్ తన పని రాసుకునే దినచర్య తెరిచింది. ఆ తేదీకి వెళ్లింది. మధ్యాహ్నం రెండు గంటల తర్వాత, నెమ్మదిగా, వేలు పెట్టి చదివింది.

రెండూ నలభై ఒకటి. గాలివాన హెచ్చరిక వచ్చింది. అక్కడిదాకానే, సూపర్నెంటు గారు అక్కకి చూపించిన కాగితంలో ఉంది. ఆ విచారణ ఫైలు కూడా బల్ల మీదే ఉంది, తీసి చూసింది. కాగితం వెడల్పు చాలక ప్రింటరు అక్కడితో కోసేసింది. తెర మీద మాత్రం వరస ఇంకా ఉంది. కేంద్రం పంపిన వేళ రెండూ పంతొమ్మిది. వయసు ఇరవై రెండు నిమిషాలు. పాతది, పారేశాను.

రేవు పావుగంట తీసేస్తే, నిజానికి ఆ కబురు వయసు ఏడు నిమిషాలు. ఎర్రగీత పడి గంట మోగి ఉంటే, ఎంత ఆలస్యమైనా మూడింటికి తెర చూసిన జెండా అక్క తాడు లాగి ఉండేది. గాలి విరుచుకుపడేలోగా పడవలు ఒడ్డు చేరడానికి ఇరవై నిమిషాలు చిక్కేవి.

కంప్యూటరమ్మాయికి ముందు సంతోషం వేసింది. లేచి వరండాలోకి వెళ్లి అక్కని కేకేద్దామనుకుంది కూడా. అంతలోనే, ఈ మెషీన్ తన టైము తానే సరిచూసుకోవాలి కదా, ఆ ఏర్పాటు ఎవరు ఆపేశారు అని చూసింది. ఎవరో ఆపేసి, చేత్తో పావుగంట ముందుకు జరిపారు. ఆరేళ్ల కిందట. ఆ తేదీన ఆ మెషీన్‌లోకి వెళ్లే తాళం ఒక్కరి దగ్గరే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి ఈ మెషీన్ పెట్టడానికి వచ్చినప్పుడు, సూపర్నెంటు గారు వెనక నిలబడి, "మా గోడ గడియారంతో కలిపెయ్యమ్మా, లేకపోతే రిజిస్టర్లో తేడాలొస్తాయి" అన్నారు. సరేనని కలిపింది. అది ఊరుకోక మళ్లీ మళ్లీ అసలు టైముకి వెళ్లిపోతుంటే, విసుగొచ్చి, టైము సరిచూసుకోవడమే ఆపేసింది. పైగా ఇంటికెళ్లి, రేవు వాళ్లు కంప్యూటర్ని కూడా తొందరపెడుతున్నారని చెప్పి అందర్నీ నవ్వించింది.

"ఏమైనా కనబడిందా అమ్మాయ్?" గుమ్మంలో జెండా అక్క.

"చూస్తున్నానక్కా" అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర బావగారికి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. కంపెనీ మొదలుపెట్టినప్పుడు ఇంటి కోడలికి ఉద్యోగమేమిటని నలుగురూ అంటే, నోరుమూసుకోమని చెప్పిన మనిషి. అంతా విని, చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నాడు.

"తప్పు నీదని నేననను. కలపమన్నది వాళ్లు. కానీ పని అప్పగించిన కాగితం మీద సంతకం మనది. ఈ తీరంలో ఏడు రేవులు మన చేతిలో ఉన్నాయి. నువ్వు నోరు తెరిస్తే ఏడూ పోతాయి. పాత డిస్కు తుడిచెయ్యమని వాళ్లే రాసిచ్చారు కదా. తుడిచేసి వచ్చెయ్. ఆవిడకి ఇంకెక్కడైనా చిన్న పని నేను చూస్తాను."

"ఉద్యోగం కాదండీ బావగారూ ఆవిడ అడిగేది."

"మరేం అడుగుతోంది?"

ఆమె భర్త వంక చూసింది. "నీ ఇష్టం" అన్నాడాయన. ఆయన నీ ఇష్టం అన్నాడంటే తన ఇష్టమేమిటో అన్నగారి ముందు చెప్పలేకపోతున్నాడని అర్థం. పదిహేడేళ్ల కాపురంలో ఆ మాత్రం తెలిసింది ఆమెకి.

*

గురువారం విచారణ పదకొండింటికి. ఎనిమిదిన్నరకే వెళ్లింది కంప్యూటరమ్మాయి. కొత్త మెషీన్‌ని ఒకసారి ఆపి మళ్లీ లేపి, కరెంటు పోయొచ్చినా దానంతటదే నిలబడుతుందని చూసుకుంది. గదిలో ఇక మిగిలింది ఒక్క పని. పాతదాని ముందు కూర్చుని తుడిచే ఆజ్ఞ కొట్టింది. ఇది చేస్తే మళ్లీ రాదు, నిశ్చయమేనా అని అడిగింది అది. అవును అని ఒక్క అక్షరం కొట్టాలి.

ఆ అక్షరం కొట్టే ఉద్దేశంతోనే ఇచ్చింది ఆ ఆజ్ఞ. ఆమె దేవత అని నేను చెప్పబోవడం లేదు. కొడుకు చదువు, పై వాటా, బల్ల చుట్టూ మొహాలు, అన్నీ ఆ ఒక్క అక్షరం కిందే ఉన్నాయి.

కిటికీలోంచి వరండా బెంచీ కనిపిస్తోంది. జెండా అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని ఒక్కతే కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. ఒక వేలు ముడిచింది, రెండో వేలు ముడిచింది, మూడోది ముడిచింది. తెరిచి, మళ్లీ మొదటినుంచి. నమ్మరని తెలిసిన నిజాన్ని తడబడకుండా చెప్పడం నేర్చుకుంటోంది.

కంప్యూటరమ్మాయి తెర వైపు తిరిగింది. కాదు అని కొట్టింది. తర్వాత ఆ రోజు దినచర్య తెరిచి, ఈసారి వరస తెగకుండా కాగితం అడ్డంగా పెట్టి ప్రింటు తీసింది.

విచారణకి పై ఆఫీసు నుంచి వచ్చినాయన మెత్తగా మాట్లాడే మనిషి. జెండా అక్క చెప్పిందంతా రాసుకుని, "మెషీన్ వచ్చిందంటోంది కదమ్మా" అన్నాడు, జాలిగానే. జాలిపడుతున్నాడంటే నమ్మలేదని అందరికీ అర్థమైంది. జెండా అక్క ముడిచిన మూడు వేళ్లనీ ఒళ్లో దాచుకుంది.

"మెషీన్ ఇంకా ఏదో అంటోందండీ" అని తలుపు దగ్గర నిలబడ్డ కంప్యూటరమ్మాయి లోపలికి వచ్చి కాగితం బల్ల మీద పరిచింది. వేలు పెట్టి చదివి, అర్థం చెప్పింది. పదిహేనూ ఏడూ ఇరవై రెండు అని రెండుసార్లు లెక్క చెప్పాల్సి వచ్చింది. "ఆవిడ చూసినప్పుడు తెర మీద ఏమీ లేదు. ఆవిడ చెప్పింది నిజం."

సూపర్నెంటు గారు కాగితం మీదకి వంగి చూశారు.

"మెషీన్ గడియారం ముందుకి తిప్పిందెవరు?" అన్నాడు పై ఆఫీసాయన.

"నేనేనండీ."

"ఎందుకు?"

నోరు తెరవబోతుండగా సూపర్నెంటు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన్ని ఎవరూ లేవమనలేదు. "నేను చెప్పాను. గోడ గడియారంతో కలపమన్నాను" అన్నారు, కండువా లేని భుజం తడుముకుంటూ. ఆయన గొంతు అంత చిన్నగా వినడం అందరికీ అదే మొదలు.

"ఆయన చెప్పారు. కానీ అలా చెయ్యకూడదని తెలియాల్సింది నాకు. ఆయనకి కాదు" అంది ఆమె.

పై ఆఫీసాయన చాలాసేపు రాసుకున్నాడు. గడియారం సంగతికి వేరే ఫైలు తెరుస్తానన్నాడు. కంపెనీ నుంచి సంజాయిషీ అడుగుతానన్నాడు. జెండా అక్కని రేపటినుంచే పనిలోకి రమ్మన్నాడు. ఆమె చేతులు జోడించలేదు, ఏడవలేదు. సరేనండి అని బయటికి వెళ్లిపోయింది.

కంప్యూటరమ్మాయి వెనకే వెళ్లింది. సంచీలో ఫోను మోగుతోంది. బావగారు. మోగనిచ్చింది.

"అక్కా."

"నలభై రోజులు" అంది జెండా అక్క, ఇటు తిరక్కుండా. "రేవులో అందరి ముందూ అబద్ధాలకోరుని నేను. నీకు టీలు తెచ్చాను."

"నిన్నటిదాకా నాకూ తెలియదక్కా."

"నిన్న తెలిసింది కదా? ఏమైనా కనబడిందా అంటే చూస్తున్నానన్నావు."

సంచీలో ఫోను మళ్లీ మోగింది, మళ్లీ మోగనిచ్చింది.

"నాకు నీ మీద కోపం వస్తోంది అమ్మాయ్. నువ్వు నిజం చెప్పావు, మేలే చేశావు, అది వేరే. అయినా వస్తోంది. ఇప్పట్లో పోదు."

"ఉండనీ అక్కా."

"ఆ కాగితం పట్టుకుని నాతో రా. నేను చెప్తే వాడు నమ్మడు. లోపల చెప్పావే, నేనేనండీ అని, ఆ మాట వాడి ముందు కూడా చెప్పు."

ఇద్దరూ వలలు ఆరేసిన సందులోంచి, డ్రమ్ముల వరస పక్కనుంచి నడిచారు. ఇంటి ముందు తలుపు పక్కన విరిగిన పడవ పలక ఒకటి ఆనించి ఉంది. లోపల మరదలు గిన్నెలు సర్దుతోంది. ఆడబిడ్డని చూసి గబగబా కుర్చీ వేసింది. తమ్ముడు మంచం మీద ఉన్నాడు, భుజానికి పట్టీ. అక్క గొంతు వినపడగానే గోడవైపు తిరగబోయాడు.

"ఇటు చూడండి. నేను మీతో మాట్లాడాలి" అంది కంప్యూటరమ్మాయి.

కొత్త గొంతు కావడంతో ఆగాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు. కాగితం విప్పి, ఎలా జరిగిందో చెప్పింది. ఆఫీసులో చెప్పినంత తేలిక కాలేదు. అక్కడ ఫైలుకి చెప్పింది, ఇక్కడ ఆ పట్టీకి చెప్పాలి. "ఆ రోజు మీ అక్క మూడుసార్లు చూసింది. తెర మీద హెచ్చరిక పడలేదు. పడకుండా చేసింది నేను. తెలియక చేశాను, కానీ చేసింది నేనే."

అతను తిడతాడనుకుంది. తిట్టించుకోవడానికి సిద్ధపడే వచ్చింది. అతను కాగితం వంక చూడలేదు, ఆమె వంకా చూడలేదు. మంచి చెయ్యి ఆనించి లేచి కూర్చున్నాడు. మరదలు చేతిలో గిన్నె అలాగే ఉంది. గుమ్మం దగ్గర తలుపు పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డ అక్క వైపు చూశాడు.

"తిన్నావా అక్కా?"

జెండా అక్క తలుపు వదిలి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"లేదు" అంది కంప్యూటరమ్మాయి, ఆమెకి బదులుగా. "పొద్దుటినుంచీ ఏమీ తినలేదు."